జనక్‌పురి నునుపు సంగ్రామం

అమ్మా, ఢిల్లీ ధూళీ! మరుభూమి గర్భాన జనించి, యమునాతీరాన యౌవనవతివై, పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికే పునర్దర్శనమిచ్చి, చీపుళ్లనూ వాక్యూమ్ క్లీనర్లనూ సమదృష్టితో పరిహసించి, అశేష గృహిణీజన శాపవచన సహస్రాన్ని చిరునవ్వుతో స్వీకరించే ఓ సర్వవ్యాపినీ! నువ్వు లేకపోతే ఈ గాథే లేదు కాబట్టి తొలి నమస్కారం నీకే. ఒక్కటే మనవి. కథ అయ్యేదాకా కాస్త పక్కన కూర్చో తల్లీ, వార్నిష్ ఇంకా ఆరలేదు.

అది ఫాల్గుణ మాసం. చలి మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయి, ఎండ ఇంకా వచ్చి సామాను దించుకోక, ఢిల్లీవాసులు మనుషుల్లా ఊపిరి పీల్చుకునే ఆ నాలుగు వారాల పుణ్యకాలంలో, కపోతకూజితాలు దిక్కులు నింపుతుండగా, ప్రెషర్ కుక్కర్ల శంఖారావాలు ఆకాశాన్ని అంటుతుండగా, కూరగాయల బండివాడి భేరీగర్జనకు కాలనీ శునకసైన్యం ప్రతిగర్జన చేస్తుండగా, జనక్‌పురిలో ఒకానొక రెండో అంతస్తు ఫ్లాటులో, నాలుగడుగుల వెడల్పూ ఎనిమిదడుగుల పొడవూ గల బాల్కనీ అనే మహాసామ్రాజ్యంలో, తలకు తువ్వాలు చుట్టి, ముక్కుకు మాస్కు కట్టి, వామహస్తాన చెక్కతో చేసిన మెట్రో రైలు పెట్టెనూ దక్షిణహస్తాన ఉప్పుకాగితాన్నీ ధరించి ఒక వీరుడు నిలబడి ఉన్నాడు. ఆయన పేరు సుందరరామయ్య. ఆ రోజు ఆయనకు సెలవు.

కేంద్ర ప్రభుత్వంలో ఒక మంత్రిత్వశాఖకు సెక్షన్ ఆఫీసరు, నంద్యాల కుమారుడు, ఫైలుభారవహన ధురంధరుడు అయిన ఈ సుందరరామయ్య కాలేజీ రోజుల్లో పౌరాణిక నాటకాల్లో రాజు వేషాలు కట్టేవాడు. కిరీటం ఎప్పుడో దించాడు గానీ ఆ భాష మాత్రం దించలేదు. ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు మాట్లాడి మాట్లాడి సాయంత్రం ఇంటికొచ్చాక, పాపం, ఆ పద్యపు గొంతుకు పని దొరికేది భార్య ముందు మాత్రమే. భార్య అన్నపూర్ణేశ్వరి ఇరవై ఏళ్లుగా దాన్ని కుక్కరు కూతతో సమానంగా విని, పట్టించుకోకుండా పని చేసుకుంటూ వస్తోంది.

ఆ సామ్రాజ్యంలో ఏమేమి ఉన్నాయంటే, ఒక పని బల్ల, రంపం, చిన్న పట్టకారు, వార్నిష్ డబ్బాలు, బల్ల కింద ఒక ఎలుకల బోను. ఈ బోను సంగతి ఇప్పుడే చెప్పాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో రోజూ సాయంత్రం ఆరింటికి వంటింటి వైపు నుంచి ‘కటుక్కు’ అని ఒక చప్పుడు వచ్చేది. ఆయన పరుగెత్తి వెళితే ఎవరూ ఉండరు, అన్నపూర్ణేశ్వరి తప్ప. బజ్జీ పెట్టాడు, కొబ్బరి ముక్క పెట్టాడు, పనీరు కూడా పెట్టాడు. ఆ మూషికం దేనికీ లొంగలేదు.

ఇక ప్రతినాయకుడు. ప్రతి ఏటా హోళీకి ముందు ఆదివారం కాలనీ పార్కులో షామియానా వేసి హస్తకళల ప్రదర్శన పెడతారు. దానికి న్యాయనిర్ణేత కింది అంతస్తు జోగిందర్ సేఠీ. కీర్తినగర్‌లో నలభై ఏళ్లు ఫర్నిచర్ అమ్మి, దుకాణం కొడుకులకు అప్పగించి వచ్చిన ఆ వృద్ధుడు వస్తువును చూడడు. కళ్లజోడు జేబులోనే ఉంటుంది. కుడిచేతి బొటనవేలు ఒక్కసారి దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతాడు. నునుపైతే ‘చిక్‌నా’ అంటాడు, గరుకైతే ‘ఖుర్దురా’ అంటాడు. చెక్క గురించి ఆయన దగ్గర ఇంకో మాట లేదు.

మూడేళ్లుగా సుందరరామయ్యకు దక్కింది రెండో మాటే. మొదటి ఏడు పడవ చేశాడు, ఖుర్దురా. రెండో ఏడు విమానం, ఖుర్దురా. పోయిన ఏడు ఎడ్లబండి చేసి, బండి అన్నాక గరుకుగానే ఉంటుందని వాదించబోయాడు. కాలనీ ఆంటీలందరి ముందూ ఆ బొటనవేలు అదే తీర్పు చెప్పింది. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో లేచాడు. సిగ్గేసింది, అంతే, వేరే మాట లేదు.

ఈ ఏడు మెట్రో పెట్టె. పదిహేనేళ్లుగా రోజూ ఎక్కి దిగే పెట్టె, కళ్లు మూసుకున్నా కనిపించే పెట్టె. మూరెడు పొడవు, బాల్సా అనే దూదిలాంటి తేలిక చెక్క. అది ఉక్కులా మెరవాలి. మెరవడం మాట అటుంచి, ముందు దాని మీద ఒక బాల్కనీ భవిష్యత్తు ఆధారపడి ఉంది.

ఎందుకంటే మూడు వారాల కింద అన్నపూర్ణేశ్వరి యుద్ధం ప్రకటించింది.

“ఏమండీ, ఒక మాట చెప్తా వినండి. బాత్రూంలో బట్టలుతికే మిషన్ పక్కన అడ్డంగా నిలబడి నీళ్లు పోసుకుంటాండాం, మూడేండ్లాయె. ఈసారి గూడా ఆయప్ప గరుకు అన్నాడంటే ఆ బల్ల తీసేయాల. బాల్కనీలో బట్టల మిషన్ పెట్టుకుంటా.”

సుందరరామయ్య ఉప్పుకాగితాన్ని ఖడ్గంలా ఎత్తాడు. “దేవీ! ఏమంటివి, ఏమంటివి! మదీయ బాహుబలోపార్జిత బాల్కనీ సామ్రాజ్యమును వస్త్రక్షాళన యంత్రమున కర్పింపుమందువా? ఈ కరమున ఉప్పుకాగితము గలంతవరకు, ఈ దారుశకటము దర్పణసన్నిభమై, సేఠీ అంగుష్ఠ గర్వాపహారియై, త్రిభువనములయందును—”

“సరే, సంతకం పెట్టండి” అంది ఆమె, క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి.

సెక్షన్ ఆఫీసరు రక్తం ఊరుకోలేదు. పైన పేర్కొన్న విషయమై అంటూ మూడు పేరాల నోట్ రాసి, తేదీ వేసి సంతకం చేశాడు. కూతురు స్నిగ్ధ, కాలేజీ మొదటి సంవత్సరం, సాక్షిగా సంతకం పెడుతూ “పాపా, మమ్మీ ఈజ్ గోయింగ్ టు విన్, పక్కా” అని ఫోన్‌లోకి తల దించేసుకుంది. తెలుగు అంతా అర్థమవుతుంది ఆ పిల్లకు, నోట్లోంచి మాత్రం రాదు.

అంతట సమరం ఆరంభమైంది. నూట ఇరవై నంబరు ఉప్పుకాగితం, ఢిల్లీ కొట్లలో రేగ్‌మాల్ అనే ఆ కర్కశ పదాతిదళం, మొదట బయలుదేరి ఎత్తుపల్లాలను మట్టుపెట్టింది. దాని వెనక రెండు వందల ఇరవై నంబరు, దాని వెనక నాలుగు వందల నంబరు, నంబరు పెరిగేకొద్దీ మెత్తబడుతూ, వరుసగా వచ్చి విరుచుకుపడ్డాయి. దారుచూర్ణం పొగమంచులా లేచి పావురాలను సైతం తుమ్మించింది. పెట్టె నున్నగా తేరింది. వీరుడు పొంగిపోయి వార్నిష్ ఒక పూత వేశాడు, మర్నాడు పొద్దున చెయ్యి పెట్టి చూశాడు. చెక్కంతా నూగు లేచి నిలబడింది! తడి తగలగానే పడుకున్న పీచు పీచంతా లేచి కూర్చోవడం ఆ చెక్కకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. మళ్లీ రుద్దాడు, మళ్లీ పూశాడు, మళ్లీ లేచింది. మూడు వారాలు ఇదే తంతు, ఆఫీసుకు ముందు గంట, ఆఫీసు తర్వాత రెండు గంటలు.

శుక్రవారం పొద్దున ఆఫీసు గేటు దగ్గర ఘోరం జరిగింది. హాజరు యంత్రం మీద సుందరరామయ్య చూపుడువేలు పెట్టాడు. యంత్రం ఎర్రగా మండి మళ్లీ ప్రయత్నించమంది. మధ్యవేలు పెట్టాడు, మండింది. ఉంగరపువేలు, చిటికెనవేలు, రెండు బొటనవేళ్లు, వరుసగా పది వేళ్లూ పెట్టాడు. వెనక క్యూ మెట్లు దిగిపోయింది. గార్డు ఆయన చెయ్యి అందుకుని వెలుతురులో పెట్టి చూసి “సర్ జీ, ఇస్ మే తో కుఛ్ హై హీ నహీఁ!” అని కెవ్వుమన్నాడు. నిజమే, ఆ వేళ్ల మీద ఏమీ లేదు. ముద్రలన్నీ ఉప్పుకాగితం తినేసింది. నునుపెక్కవలసిన చెక్క ఎక్కలేదు, ఎక్కకూడని వేళ్లు అద్దాల్లా తయారయ్యాయి. ఇరవై ఆరేళ్లు సేవ చేసిన ప్రభుత్వం ఆయన ఎవరో తెలియదు పొమ్మంది. పాత రిజిస్టరు దుమ్ము దులిపించి అందులో సంతకం పెట్టి లోపలికి వెళ్లాడు.

సాయంత్రం ఈ సంగతి చెప్పగానే అన్నపూర్ణేశ్వరికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నవ్వే ముందొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వి నవ్వి, ఆ తర్వాత ఆయన చెయ్యి తీసుకుని వేళ్లన్నీ ఒక్కొక్కటే తడిమి చూసి, వెళ్లి కొబ్బరినూనె తెచ్చి రాసింది.

శనివారం పొద్దున ఒక వీడియోలో రహస్యం దొరికింది. చెక్కకు కంటికి కనిపించని గుంటలుంటాయి, ఆ గుంటలు పూడితే గానీ నూగు చావదు. టాల్కం పౌడర్ వార్నిష్‌లో కలిపి పూస్తే గుంటలన్నీ పూడతాయి. “కనుగొంటిని! రాక్షస రోమకూప నివారణోపాయమును కనుగొంటిని!” అని గర్జిస్తూ ఆయన కూతురి గదిలో దూరి పౌడర్ డబ్బా పట్టుకొచ్చాడు. “పాపా! నాట్ మై పౌడర్!” అని వెనక నుంచి ఆర్తనాదం వినిపించింది. యుద్ధంలో అలాంటివి వినకూడదు. కలిపాడు, పూశాడు, ఆరనిచ్చాడు.

పెట్టె నిండా ఉండలు కట్టాయి. మెట్రో రైలు బజ్జీ పిండిలో మునిగి లేచినట్టు ఉంది, పైగా మల్లెపూల వాసన. స్నిగ్ధ డబ్బా వెనక చదివి, “పాపా, యే తో కార్న్‌స్టార్చ్ హై. టాల్క్-ఫ్రీ లిఖా హై” అంది.

“మొక్కజొన్న పిండియా!” వీరుడు ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడ్డాడు. పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లో మరో మూడు రకాలు తెప్పించారు. మూడింటి మీదా అదే మాట, టాల్క్ లేదని గర్వంగా పెద్ద అక్షరాల్లో. మధ్యాహ్నం రెండైంది. రేపు పదకొండింటికి సేఠీ బొటనవేలు. “హా దైవమా!” అన్నాడు సుందరరామయ్య ఉండలు గోకుతూ. “ధూళితో పోరితిని, నూగుతో పోరితిని, తుదకు గంజితో ఓడితినా! ఓ రజకయంత్రమా, రమ్ము! నా సింహాసనమును నీవే అలంకరింపుము!” ఆ గొంతులో ఈసారి నాటకం తక్కువ, దుఃఖం ఎక్కువ. కళ్లు నిజంగానే చెమర్చాయి.

అన్నపూర్ణేశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. గెలుపు ఆమె ఒళ్లో వచ్చి పడింది. ఊరికే నిలబడితే చాలు, రేపటికి బాల్కనీ ఆమెది. అయినా ఆమె మొహంలో సంతోషం లేదు. చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి, ఆఖరికి లోపలికి వెళ్లింది. చింతపండు జాడీ జరిపిన చప్పుడైంది. ఒక పాత బిస్కట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, ఆయన వైపు చూడకుండా మూత తీసింది.

లోపల బలపాలు. చిన్నప్పుడు పలక మీద రాసుకునే బలపాలే, పన్నెండు, తెల్లగా, నీట్‌గా, పత్తిలో పడుకోబెట్టి ఉన్నాయి.

“ఇవి... యాడివి?” ఆ మాటలో రాజు లేడు, నంద్యాల ఒక్కటే ఉంది.

“మా తమ్ముడు పెద్దిరాజు ఏటా పంపిస్తాడు.” ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “స్నిగ్ధ కడుపులో ఉన్నప్పుడు తినేకి మొదలుపెట్టినా. అది కాలేజీకి పోతాండాది, నాకీ అలవాటింకా పోలే.”

“అంటే ఆ ఆరు గంటల కాడ... ఆ ఎలుక...”

“నేనే.”

సుందరరామయ్య వంగి బల్ల కింద బోను వైపు చూశాడు. పావురం కూడా తొంగి చూసింది. స్నిగ్ధ ఫోన్ పక్కన పెట్టింది, ఆ ఇంట్లో అదొక చరిత్ర. “మమ్మీ! యూ ఈట్ చాక్?”

“చాక్ కాదు, బలపం” అంది తల్లి గట్టిగా. “మా నాయన బలపపు రాయి గనిలో గుమాస్తా. ఆ రాయే లారీలకెత్తి పౌడర్ చేసేవాళ్లకు పంపిస్తాండ్రి. మీరు ఊరంతా ఎతుకుతాండే పౌడర్ ఈ రాయే. దంచండి.”

సుందరరామయ్య డబ్బా వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. “మరి బాల్కనీ?”

“బాల్కనీ నేనెట్లైనా తీసుకుంటా, అది వేరే సంగతి. ఆ సేఠీ బొటనేలు ఇప్పిస్తే తీసుకునేదాన్ని గాను. వేలిముద్రలు పోయేదాకా రుద్దినారు గదా మీరు! అట్లా రుద్దిన మనిషి పనిని గరుకు అనేకి వాడెవడు?”

ఆ మాటకు వీరుడు సమాసాలన్నీ పక్కన పెట్టి, వెళ్లి రోలు తెచ్చాడు.

ఆహా, అప్పుడు మొదలైంది అసలు యుద్ధం! చిన్న రోట్లో పదకొండు బలపాలు పడ్డాయి. పన్నెండోది ఆమె చటుక్కున కొంగున కట్టుకుంది. దంచుతుంటే ఆ మట్టి వాసనకు నోరూరి రెండుసార్లు ఆగింది గానీ చెయ్యి నోటిదాకా పోనివ్వలేదు. పెద్దిరాజు మళ్లీ పంపేది ఎండాకాలం సెలవులకే, అంతదాకా ఉపవాసమే. దంచినదాన్ని పాత వాయిల్ చీర ముక్కలో వస్త్రగాళితం పట్టారు. ఊదితే ఎగిరేటంత మెత్తని శ్వేతభస్మం దిగింది. ధూళి ప్రవేశించకుండా కోట కట్టాలని స్నిగ్ధ దుప్పట్లు తడిపి, మిషన్‌లో ఒక తిప్పు తిప్పి, నీళ్లు కారకుండా బాల్కనీ చుట్టూ వేలాడదీసింది. బద్ధశత్రువైన బట్టల మిషన్ ఆ విధంగా ధర్మపక్షం వహించింది. వచ్చిన దుమ్ము వచ్చినట్టే తడి దుప్పటికి అంటుకుంది.

ఉండలు గీకేసి, భస్మం కలిపిన వార్నిష్ ఒక పూత పూశారు. ఎండలో ఆరింది. ఇప్పుడు రుద్దాలి, కానీ గరుకు ఎక్కడుందో సుందరరామయ్యకు తెలియడం లేదు. అరిగిన వేళ్లకు లోకమంతా నునుపుగానే ఉంది. అన్నపూర్ణేశ్వరి పెట్టెను చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది.

“ఈడ, కిటికీ కింద. ఇంకొంచెం ఎడమకు. ఆ, ఈడ.”

ఆమె చూపించిన చోట ఆయన రుద్దాడు. మళ్లీ చెంప, మళ్లీ ఉప్పుకాగితం. పొద్దు వాలేలోగా రెండు పూతలు, ఆదివారం తెల్లవారాక మూడోది. చివరి పూత ఆరాక ఆమె చెంప ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరదాకా జరిపినా ఎక్కడా ‘ఈడ’ అనలేదు. నూగు లేవలేదు.

పదకొండు గంటలైంది. పార్కులో షామియానా, బల్లల మీద ఎంబ్రాయిడరీ గుడ్డలు, కుండ మీద నెమళ్లు, హోళీ కజ్జికాయలైన గుజియాల పళ్లెం, చుట్టూ ఆంటీల అక్షౌహిణి. జోగిందర్ సేఠీ వచ్చాడు. నలభై సంవత్సర దారుపరీక్షా దక్షమై, సోఫాసెట్ సహస్ర మర్మవేదియై, మూడేళ్లుగా ఆంధ్రవీర మానమర్దనమైన ఆ బొటనవేలు పైకి లేచింది. అన్నపూర్ణేశ్వరి కొంగుముడి గట్టిగా పట్టుకుంది. వేలు మెట్రో పెట్టె ముందు భాగాన వాలింది.

వాలి, కదిలింది. కదిలి, జారింది. తలుపు దాటింది, కిటికీలు దాటింది, పట్టుకుందామంటే దానికి ఎక్కడా ఏమీ దొరకలేదు. మూరెడు పెట్టె ఒక్క లిప్తలో అయిపోగా, ఆగే చోటు లేక వేలు అంచు దాటి దూసుకుపోయి పక్కనున్న గుజియాలో గోరుదాకా దిగబడింది.

సేఠీ వేలిని బయటకు తీసి, అదే అబద్ధమాడినట్టు దానివైపు అనుమానంగా చూశాడు. జేబులోంచి కళ్లజోడు తీశాడు. ఆయన కళ్లజోడు పెట్టుకోవడం కాలనీలో ఎవరూ చూసి ఎరగరు. పెట్టెను వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పాడు.

“చిక్‌నా” అన్నాడు. మళ్లీ వేలు పెట్టి, “అరే వాహ్! బహుత్ చిక్‌నా! రామయ్యా జీ, లగాయా క్యా హై?”

ఏం పూశావని అడిగాడు. షామియానా అంతా చెవులు రిక్కించింది. జీవితమంతా ఎదురుచూసిన ఘట్టం, ఇంతమంది శ్రోతలు, గొంతులో పద్దెనిమిది సమాసాలు బారులు తీరి ఉన్నాయి. సుందరరామయ్య నోరు తెరిచాడు. ఎదురుగా భార్య కళ్లు కనిపించాయి, ఆ పైన ఎర్రబడుతున్న చెవులు కనిపించాయి.

“ఘర్ కీ చీజ్ హై, సేఠీ సాబ్” అన్నాడు. ఇంట్లోదే అని చెప్పి ఊరుకున్నాడు. ఆయన జీవితంలో ఇంత చిన్న ప్రసంగం ఇదొక్కటే.

మొదటి బహుమతి, స్టీలు టిఫిన్ క్యారియర్, ఎవరో అల్లిన ఊలు కుందేలుకు వెళ్లింది. రెండోది నెమలి కుండకు పోయింది. ఆ సంగతి మన వీరుడు గమనించనే లేదు.

సాయంత్రం ఆరింటికి ఆయన బల్ల కింద నుంచి ఎలుకల బోను తీసి, పాతసామాన్లు కొనే కబాడీవాలాకు వేయాలని గుమ్మం బయట పెట్టాడు. బిస్కట్ల డబ్బా తెచ్చి బాల్కనీ అరలో, వార్నిష్ డబ్బాల పక్కన, అందరికీ కనిపించేలా సర్దాడు. అన్నపూర్ణేశ్వరి అప్పటికే గుమ్మంలో టేపు పట్టుకుని ఉంది.

“బల్ల ఒక్క జానెడు ఆ పక్కకు జరిపితే మిషన్ గూడా పడతాది, కొలిచినా” అంది.

వీరుడు ఖడ్గమెత్తబోయి, తన వేళ్ల వైపు చూసుకుని, బల్లకు భుజం ఆనించి జానెడు జరిపాడు.

వినండి జనులారా, దిక్కులు పిక్కటిల్లేలా చాటండి! జనక్‌పురీ రణరంగాన, ధూళిని దుప్పటితో బంధించి, నూగును బలపభస్మంతో భస్మం చేసి, సేఠీ బొటనవేలిని గుజియాలో ముంచి, సుందరరామయ్య మహావీరుడు ఎనిమిదడుగుల సామ్రాజ్యాన్ని బట్టల మిషన్ పట్టేటంత మాత్రమే తక్కువగా నిలబెట్టుకున్నాడు! ఆయన విజయానికి చిహ్నం ఒక్క మాట, దాని పొడవు రెండక్షరాలు, దాని అర్థం నునుపు. సోమవారం ఆఫీసు యంత్రం ఆయన్ను మళ్లీ గుర్తుపట్టలేదు.

బోను కబాడీవాలాతో వెళ్లిపోయింది. ఎలుక మాత్రం బాల్కనీలో స్టూలు వేసుకుని, కొంగుముడి విప్పి, దాచుకున్న ఆ ఒక్క బలపాన్నీ అందరూ చూస్తుండగా హాయిగా కొరుక్కుని తింది.